గేటు దగ్గర జరిగింది

ఒరేయ్ రాజూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ మోకాళ్లు కాస్త నయం, చిన్నదానికి పళ్లొస్తున్నాయి, మెహదీపట్నం ట్రాఫిక్ నువ్వు వదిలి వెళ్లినట్టే ఉంది. మిగతావి తర్వాత. ఇది విను.

మొన్న ఇంటర్ పరీక్షకి నాకు గేటు డ్యూటీ పడింది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని ఒకప్పటి నిబంధనని 2024లో సడలించి 5 నిమిషాలు ఇచ్చారు కదా. తొమ్మిదీ అయిదుకి గేటు వేశాను. రెండు నిమిషాలకి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. బండి జారి పడ్డారట. మోచెయ్యి దోక్కుపోయి చున్నీకి రక్తం, హాల్‌టికెట్ మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. వాళ్ల నాన్న నా చేతులు పట్టుకున్నాడు. ఆలోచించలేదురా, గేటు తీసేశాను.

తీశాక చూస్తే వెనకాల ఒక కుర్రాడు. రక్తం లేదు, ఏడుపు లేదు, వెంట ఎవరూ లేరు. "బస్సు రాలేదు సార్" అని తల దించుకు నిలబడ్డాడు. వాణ్ణి చూస్తే మనసు కరగలేదు, నిజం చెప్తున్నా. దెబ్బ కనబడితేనే కరిగే మనసుని నమ్మి న్యాయం చెప్పడమెలా? ఆ పిల్లకిచ్చిన రెండు నిమిషాలు వీడికెందుకు లేవో నాకు కారణం దొరకలేదు. వాణ్ణీ పంపాను.

కాంట్ గారూ, తమరికి గుర్తుందా హాస్టల్ మేడ? హంతకుడు అడిగినా అబద్ధమాడకూడదని జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన ఆ 1797 వ్యాసం నీ చేతిలో, కర్ణపర్వంలో కౌశికుడు నా చేతిలో. నిజం చెప్తానన్న వ్రతం కోసం, దాక్కున్నవాళ్ల దారి దొంగలకి చూపి నరకానికి పోయాడని నేను అరవడం, వార్డెన్ పైకి రావడం! కానీ అదే కథలో కృష్ణుడు, గాండీవం ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానన్న అర్జునుడి ప్రమాణాన్ని కూడా పారెయ్యలేదురా. గాండీవం ఇచ్చెయ్యమన్న ధర్మరాజుని చంపక్కర్లేదు, పెద్దవాణ్ణి "నువ్వు" అంటే చంపినట్టే అన్నాడు. మాటా నిలిచింది, అన్నా బతికాడు. కర్తవ్యాలు ఢీకొంటే ఏది బరువో చెప్పే పట్టిక లేదు, సందర్భాన్ని చూసి తేల్చుకోవాల్సిందేనని 1930లో బ్రిటిష్ తత్వవేత్త రాస్ రాశాడు. ఆ పిల్ల విషయంలో సరే. కుర్రాడికి మాత్రం నా చూపు కాదు, లెక్క అందరికీ ఒకటేనన్న సూత్రమే గేటు తీసింది.

తొమ్మిదిన్నరకి ఇంకొకడొచ్చాడు. వాణ్ణి ఆపేశాను. పేపరు విప్పి అరగంటైంది, బయటికి పొక్కి ఉండొచ్చు. కారణం గట్టిదే. వాడి మొహం మాత్రం... మరి తొమ్మిదీంబావుకి వచ్చుంటే? గీత ఎక్కడ గీసినా ఆ అవతల ఒకడు...

ఇప్పుడు సంజాయిషీ రాసిమ్మన్నారు. "మనసుకి తోచింది" అని రాయలేను కదా! పిల్ల గురించి రాసేశాను, కుర్రాడి దగ్గరే ఆగాను. నువ్వైతే ఏం రాస్తావో ఇది అందగానే ఫోన్ చేసి చెప్పు, తొందరగా ఇవ్వాలి. అటెండర్ టపా పట్టుకెళ్లడానికి నిలబడ్డాడు, ఉంటా.

నీ
సత్తి