2024–25 వార్షిక నివేదిక: ఒకే సినిమా అనుకున్న నాలుగు కాపీల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 వరకు నల్లగొండలో మన కాలనీ సంఘం చేసిన పనుల గురించి ఈ నివేదిక. మామూలు పనులు ముందే చెప్పేస్తాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లే ముందుండి నడిపించారు, వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. పిల్లల్ని ఒక ఆదివారం పానగల్‌కు తీసుకెళ్లాం. ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక పగలంతా కదలకుండా నిలబడే ఆ స్తంభం నీడను చూసి వాళ్లు అడిగిన ప్రశ్నలకు సగమే జవాబు చెప్పగలిగాం. జమాఖర్చులు కోశాధికారి గారు నోటీసు బోర్డు మీద అతికించారు, సందేహాలుంటే ఆయన్నే అడగండి.

ఇక అసలు విషయం. పోయిన సర్వసభ్య సమావేశంలో మనమొక తీర్మానం చేసుకున్నాం, గుర్తుండే ఉంటుంది. లైబ్రరీ గదిలో క్యాసెట్లు, డిస్కులు పెట్టే బీరువా నిండిపోయింది కాబట్టి ఒక్కో సినిమాకు ఒక్క కాపీ ఉంచుకుని మిగతావి ఇచ్చేద్దామని. చేతులెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తీర్మానాన్ని కార్యవర్గం ఈ ఏడాది అమలు చేయలేదు. ఎందుకు చేయలేదో సభ్యులకు వివరంగా చెప్పాల్సిన బాధ్యత కార్యదర్శిగా నాది.

మే నెలలో సెలవుల ఆదివారాలు పిల్లలకు బొమ్మల సినిమాలు వేశాం కదా, అందులో 'ది లయన్ కింగ్' బాగా అడుగుతున్నారని రెండుసార్లు వేశాం. రెండోసారి సినిమా సగంలో ఉండగా ఐదో తరగతి పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, పోయిన ఆదివారం గా పక్షి పాట పాడింది, ఇయ్యాల పాడలే. మీరు ముందుకు జరిపిండ్రు." ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న తమ్ముడు తాను ఏమీ జరపలేదని ఒట్టేశాడు. ఇంకో పాప అసలు ఆ సినిమాలో అలాంటి పాటే లేదని, వాళ్లింట్లో ఉన్న దాంట్లో చూసిందని గట్టిగా వాదించింది. పెద్దవాళ్లం మనం అనుకున్నదేమిటంటే, డిస్క్ గీతలు పడి ఎగిరి ఉంటుందని, లేదా ఎవరో నకిలీ డిస్క్ మార్చి పెట్టారని. ఇద్దరు పిల్లలు చెప్పిందీ నిజమేనని తేలడానికి మూడు వారాలు పట్టింది.

రెండు ఆదివారాలూ వేసింది అదే డిస్క్. అది అమెరికాలో 2003 అక్టోబర్‌లో వచ్చిన రెండు డిస్కుల ప్లాటినం ఎడిషన్. మొదటి డిస్క్‌లోనే సినిమా రెండు రకాలుగా ఉంది, మెనూలో ఏది కావాలో ఎంచుకోవాలి. ఒకటి థియేటర్‌లో వచ్చినట్టుగా. ఇంకొకటి స్పెషల్ ఎడిషన్, అందులో జాజూ అనే ఆ పక్షి అడవి కబుర్లన్నీ రాజుకు చెప్పే చోట 'ది మార్నింగ్ రిపోర్ట్' అనే పాట అదనంగా ఉంటుంది. 1994లో సినిమా వచ్చినప్పుడు ఆ చోట పాట లేదు, మాటలే. వెనక రాజు ముఫాసా తన కొడుకు సింబాకు మీదికి దూకడం నేర్పిస్తుంటాడు, పక్షి తన ధోరణిలో తాను చెప్పుకుపోతుంది. పాట 1997లో మొదలైన రంగస్థల నాటకం కోసం రాసింది. 2003 డీవీడీ చేసేటప్పుడు దానికి కొత్తగా బొమ్మలు గీసి సినిమాలో కలిపారు. మొదటి ఆదివారం ఒక బటన్ నొక్కారు, రెండో ఆదివారం ఇంకొకటి, అంతే.

అప్పుడు బీరువాలో ఉన్న నాలుగు 'లయన్ కింగ్'లనూ బయటికి తీశాం. 1995లో అమెరికాలో వచ్చిన వీహెచ్‌ఎస్ క్యాసెట్, ఈ 2003 డీవీడీ, ఒక సభ్యురాలి తమ్ముడు లండన్ నుంచి తెచ్చిన డీవీడీ, 2011 బ్లూ-రే. తీర్మానం ప్రకారం అయితే బ్లూ-రే ఒక్కటి మిగలాలి, అన్నిటికంటే బొమ్మ స్పష్టంగా ఉండేది అదే కాబట్టి. ముందుగా పోవాల్సింది క్యాసెట్.

క్యాసెట్ ఆడించడమే పెద్ద పని అయింది. అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రికార్డు అవుతాయి, మన దేశంలో వాడింది పాల్ పద్ధతి. మామూలు వీసీఆర్‌లో వేస్తే బొమ్మ రంగు పోయి కిందికీ మీదికీ దొర్లుతుంది. గడియారం సెంటర్ దగ్గర పాత టీవీలు బాగుచేసే అన్న దగ్గర రెండు పద్ధతులూ ఆడే వీసీఆర్ ఉంటే బతిమాలి తెచ్చుకున్నాం, ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు. బ్లూ-రే కోసం మన కాలనీ కుర్రాడొకరు తన ప్లేస్టేషన్ మోసుకొచ్చాడు. జూన్‌లో మూడు సాయంత్రాలు ఆ రేకుల గదిలో ఫ్యాన్ గాలికి కూర్చుని, అవే సీన్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూశాం. ఎనిమిది మందిమి మొదలుపెడితే చివరికి నలుగురం మిగిలాం, ఆ నలుగురిలో పాట గురించి గొడవ పెట్టిన పిల్లవాడు ఒకడు.

తేడాలు ఇవి. బ్లూ-రేలో ఆ పక్షి పాట సినిమాలో లేదు, ఎక్స్‌ట్రాల్లో విడిగా పెట్టారు. 2003 డీవీడీలో 'థియేటర్‌లో వచ్చింది' అని ఎంచుకున్నా సరే, పూర్తిగా 1994 నాటిది రాదు. 2002 డిసెంబర్‌లో ఈ సినిమాను ఐమాక్స్ తెరల మీద మళ్లీ విడుదల చేశారు, అంత పెద్ద తెర మీద బాగుండవనుకున్న కొన్ని బొమ్మల్ని అప్పుడు మళ్లీ గీశారు. చిన్న సింబా రాజయ్యే రోజు కోసం ఆగలేనని పాడే పాటలో మొసళ్లు చూడండి, క్యాసెట్‌లో ఉన్నవి ఒక రకం, డిస్కుల్లో ఉన్నవి ఇంకో రకం. ఆ పిల్లవాడే ముందు పట్టుకున్నాడు. క్యాసెట్‌ను ఆపి, డీవీడీని ఆపి పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది. అంటే 1994లో జనం థియేటర్లలో చూసిన మొసళ్లు మన బీరువాలో ఉన్నది క్యాసెట్ ఒక్కదాంట్లోనే. దాన్నే మనం మొదట ఇచ్చేద్దామనుకున్నాం.

అలాగని క్యాసెట్‌లో సినిమా మొత్తం ఉందనీ చెప్పలేను. పాత టీవీ తెరకు సరిపోయేలా బొమ్మకు రెండు వైపులా కత్తిరించారు. డిస్కుల్లో ఆ పక్కలు కనిపిస్తాయి, జంతువుల గుంపు పరిగెత్తుకొచ్చే సీన్ డిస్క్‌లో చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. పక్కలు కావాలంటే డిస్క్, పాత గీతలు కావాలంటే క్యాసెట్. ఏ ఒక్కటీ రెండోదాని పని చేయదు.

లండన్ డీవీడీ మమ్మల్ని ఇంకో రకంగా తిప్పలు పెట్టింది. సినిమా 88 నిమిషాలు అని అందరికీ తెలుసు, ఇది 85 కూడా దాటలేదు. ఏదో కోసేశారని రిజిస్టర్‌లో 'కోతలున్న కాపీ' అని రాసేశాం కూడా. తర్వాత మన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ సార్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో సెకనుకు 25. ఆ 24ను 25గా ఆడించేస్తారు, సినిమా నాలుగు శాతం త్వరగా అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నగా వినిపిస్తాయి. ఒక్క సీన్ కూడా పోలేదు. ఆ రాత కొట్టేసి పక్కన తేదీ వేసి సంతకం చేశాను. ఇలా అట్ట మీది నిమిషాలు చూసి ఇంట్లో ఉన్నదాన్ని పారేయకండి.

ఇప్పుడు రిజిస్టర్ ఎలా రాస్తున్నామో చెబుతాను, మీ ఇళ్లలో ఉన్నవాటికీ పనికొస్తుంది. అట్టను నమ్మం. ఒక పెట్టెలో ఇంకోటి పెట్టడం ప్రతి ఇంట్లో జరిగేదే. డిస్క్ వెనక్కి తిప్పి నడిమి రంధ్రం చుట్టూ చెక్కిన అంకెల్ని యథాతథంగా రాసుకుంటున్నాం. వెనకవైపు వెండిలా మెరిస్తే కంపెనీలో అచ్చు వేసింది, ఊదా రంగు తిరిగితే ఎవరో ఇంట్లోనో దుకాణంలోనో కాపీ చేసింది. డీవీడీ అయితే రీజియన్ నంబర్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె కూడా రాస్తున్నాం, అమెరికాది 1, ఇంగ్లండ్‌ది 2, మనది 5, అందుకే బంధువులు ప్రేమగా పంపినవి మన ప్లేయర్లలో చాలావాటిలో ఆడవు, డిస్క్ పాడైందని అనుకుంటాం. ఆ తర్వాత ఆడించి, తేడా తెలిసే సీన్ ఏదైతే అది చూసి, చూసినవాళ్ల పేరు రాస్తున్నాం. చూడకుండా రాసిన వరుస ఒక్కటీ లేదు.

'అలాద్దీన్' విషయంలో ఇంకో ఆశ్చర్యం. 1992లో థియేటర్‌లో వచ్చిన మొదటి పాటలో ముఖం నచ్చకపోతే చెవి కోసేస్తారనే అర్థం వచ్చే ఒక లైను ఉండేది. అమెరికాలోని అరబ్బుల సంఘం అభ్యంతరం చెప్పడంతో 1993లో వీడియో క్యాసెట్ వచ్చేలోపే దాన్ని మార్చేశారు. కాబట్టి ఆ లైను సినిమా వీడియో క్యాసెట్‌లో దొరకదు, ఎంత వెతికినా.

మనకు అన్నిటికంటే దగ్గరిది రామాయణం. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. మనలో ముప్పై దాటినవాళ్లు చాలామంది చిన్నప్పుడు టీవీలో హిందీలో చూసినవాళ్లే. ఈ జనవరి 24న దాన్ని శుభ్రం చేసి తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లలో విడుదల చేశారు, హైదరాబాద్ వెళ్లి చూసొచ్చిన వాళ్లు ఫిబ్రవరి సమావేశంలో అదే మాట్లాడారు. మొత్తం సినిమా 135 నిమిషాలు. అమెరికాలో వేరే గొంతులతో విడుదల చేసినప్పుడు దాన్ని 96 నిమిషాలకు కుదించారు. పైన చెప్పిన పాల్ లెక్క ప్రకారం 135 కాస్తా 130 కావచ్చు గానీ 96 కాదు, అది నిజమైన కోత. ఒక సభ్యుడు ఇచ్చిన ఇంగ్లిష్ డిస్క్ ఈ కుదించిన రకమే. పిల్లలకు అది చూపించి ఇదే ఆ సినిమా అని చెప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే ఈ వేసవి జాబితాలో పెట్టలేదు.

కార్యవర్గం కోరేది రెండు. ఒకటి, వచ్చే సర్వసభ్య సమావేశంలో పాత తీర్మానాన్ని మార్చాలి. ఆడించి చూసి, రిజిస్టర్‌లో రాసి, అన్ని విధాలా ఒకటేనని తేలినవాటినే ఇచ్చేద్దాం. దానికి ఇంకో చిన్న బీరువా కావాలి, పాతది ఇచ్చే దాత ఉంటే ఇంకా మంచిది. టేపులు నిలబెట్టి పెట్టాలి, ఎండ తగలని గోడ వైపు ఉండాలి, మన ఊరి మే నెల ఎండ రేకుల కింద ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండోది, రామాయణం హిందీ పాత డబ్బింగ్, రాముడికి అరుణ్ గోవిల్ గొంతు, రావణుడికి అమ్రీష్ పురి గొంతు ఉన్నది, టీవీ నుంచి ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్ అయినా సరే, ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి. దొరికితే ముందు మీ దగ్గర ఆడించి చూడకండి. లోపల తెల్లగా బూజు పట్టి ఉంటే టేపు తెగుతుంది, వీసీఆర్ హెడ్ కూడా పాడవుతుంది. ఉన్నది ఉన్నట్టు ఒక సంచిలో పెట్టి ఆదివారం పది గంటల తర్వాత లైబ్రరీ గదికి తీసుకురండి, శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి క్యాసెట్ మీది మీకు తిరిగి ఇచ్చేస్తాం.

మీ కార్యదర్శి