గోదావరి ఒడ్డు కోతను ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టించండి: ములుగు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మంగపేట, ఏటూరునాగారం మండలాల్లో గోదావరి ఒడ్డు కోతకు గురవుతోంది. వరద తీసేటప్పుడు నానిన ఒండ్రు గట్టు అడుగు నుంచి జారి, పైనున్న చేనుతో సహా పెళ్లలు పెళ్లలుగా నదిలో పడుతుంది. కరకట్ట ముందుగా ఎక్కడ కట్టాలో ఉపగ్రహ చిత్రాలు చెప్పగలవు.

సముద్రతీరం ఎంత జరిగిందో కొలిచే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన 30 మీటర్ల చిత్రాలు (అంటే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల చదరం) 1980ల నుంచి, సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసిన 10 మీటర్ల చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. ఏయే సంవత్సరం ఒడ్డు ఎక్కడుందో గీతలుగా గీసి, వాటికి అడ్డంగా సమదూరంలో రేఖలు వేస్తే, ప్రతి రేఖ దగ్గరా ఏటా సగటున ఎన్ని మీటర్ల నేల పోతోందో, అదే వేగం కొనసాగితే పదేళ్లకు ఒడ్డు ఎక్కడికి చేరుతుందో అంచనా కట్టవచ్చు.

అయితే గోదావరి మీదున్న తుపాకులగూడెం బ్యారేజీ గేట్లు ఎత్తినా దించినా నీటి అంచు జరుగుతుంది. దాన్ని కోతగా లెక్కిస్తే అంచనా మొత్తం తప్పుతుంది. అందుకే నీటి అంచును కాక, గట్టు మీద పచ్చదనం ఆగిపోయే గీతను ఏటా ఒకే నెల చిత్రాల్లో గుర్తించాలి. భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరిన 2022 జులై వరద వంటిది ఏళ్ల సగటును ఒక్కసారిగా దాటేయగలదు కనుక, ఆ వరదకు ముందు, తర్వాత చిత్రాలను విడిగా పోల్చడం తప్పనిసరి.

ఈ పనికి కావలసిన నైపుణ్యం హైదరాబాద్‌లోని ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)లో ఉంది. వారి సహకారంతో ఒడ్డు పటం తయారు చేయించి, సర్వే నంబర్లతో సరిచూసి, వచ్చే వానాకాలంలోపే గ్రామ పంచాయతీల్లో ప్రదర్శించాలని వినమ్రంగా కోరుతున్నాను.

ఇట్లు,
గోదావరి ఒడ్డు రైతు కుటుంబానికి చెందిన ఒక పౌరుడు