మా ఇంటి ఫైళ్లన్నీ దారిలో పెట్టిన అక్కకు, వాళ్లబ్బాయికి కృతజ్ఞతలు

ఈ పోస్టు ఇద్దరికి కృతజ్ఞతలు చెప్పడానికి. ఒకరు గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైన అక్క, రెండోవారు వాళ్లబ్బాయి. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి అక్క, అబ్బాయి అనే రాస్తున్నాను. వాళ్లు చేసిన మేలు నా ఒక్కదానికే కాదు, మా ఇంటిల్లిపాదికీ. ఎలా చేశారో వివరంగా రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మా కంప్యూటర్‌లో ఉన్నవి ఒక మనిషి ఫైళ్లు కావు. నాన్నగారి వ్యాసాలు, అమ్మ వైద్యం కాగితాలు, తమ్ముడి సర్టిఫికెట్లు, నా పాఠాల నోట్సు, అందరి ఫొటోలు. కంప్యూటర్ మార్చిన ప్రతిసారీ పాతదాంట్లో ఉన్నదంతా ఒక పెద్ద ఫోల్డర్‌గా కొత్తదాంట్లోకి వచ్చేది. ఆ ఫోల్డర్ లోపల అంతకుముందు కంప్యూటర్ ఫోల్డర్, దాని లోపల ఇంకొకటి. నాన్నగారి వ్యాసాలు ఒకచోట చేర్చి పుస్తకంగా వేద్దామని ఇంట్లో అనుకున్నప్పుడు, ఒక్కో వ్యాసానికి అయిదారు ప్రతులు కనిపించాయి. ఏది ఆయన చివరిగా దిద్దినదో చెప్పడానికి ఆయన లేరు. అప్పుడే అక్కను అడిగాను.

మొదటిరోజు అక్క ఒక్క ఫైలు కూడా కదపనివ్వలేదు. ఉన్నది ఉన్నట్టుగా మొత్తం ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసేసి, బీరువాలో పెట్టించారు. సర్దడం పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నారు. ఎవరైనా ఈ పని మొదలుపెట్టేముందు ఇది తప్పకుండా చేయాలని నేనూ గట్టిగా చెబుతాను. ఆ డిస్క్ ఉందన్న ధైర్యంతోనే తర్వాత ప్రతి నిర్ణయం తీసుకోగలిగాను.

ఆ కాపీ దగ్గరే ఒక చిక్కు వచ్చింది. కొన్ని ఫోల్డర్లు కాపీ కాలేదు, పేరు మరీ పొడవుగా ఉందని విండోస్ ఆపేసింది. కారణం అబ్బాయి చెప్పాడు. విండోస్‌లో మామూలుగా డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదు. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా పెరిగిపోయిన మా పాత కాపీలు ఆ హద్దు దాటేశాయి. పై ఫోల్డర్ల పేర్లను ఒకటి రెండు అక్షరాలకు కుదించగానే అన్నీ కాపీ అయ్యాయి. ఆ తర్వాత ఫోల్డర్ల లోతు మూడు మెట్లు దాటకూడదని అక్క పెట్టిన నియమానికి ఇదీ ఒక కారణం.

ఇక అసలు సంగతి. ఫొటోలు ఒకచోట, వర్డ్ ఫైళ్లు ఒకచోట, పీడీఎఫ్‌లు ఒకచోట పెడదామని నా ఆలోచన. అక్క ఒప్పుకోలేదు. "ఇది ఏ రకం ఫైలో కంప్యూటర్‌కి తెలుసు, ఒక్క క్లిక్కుతో విడదీసి చూపిస్తుంది. ఇది దేనికి సంబంధించిందో దానికి తెలియదు. దానికి తెలియనిదే మనం చెప్పాలి" అన్నారు. ఆ మాటతో నా ఆలోచన పూర్తిగా మారింది. అమ్మ ఆపరేషన్‌కి సంబంధించిన డిశ్చార్జి కాగితం స్కాన్, బీమా కంపెనీకి రాసిన ఉత్తరం, బిల్లుల ఫొటోలు మూడు రకాల ఫైళ్లు. కానీ కావాల్సి వచ్చినప్పుడు మూడూ ఒకేసారి కావాలి. అందుకే ఇప్పుడవి ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి.

ప్రతి ఫైలు దగ్గరా అక్క అడిగిన ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు, ఏ అవసరానికి, ఏమని వెతుకుతారు? జవాబు నేను అయితే ఒక పేరు, అమ్మ అయితే ఇంకో పేరు. అందుకే అమ్మ ఫోల్డర్ల పేర్లన్నీ తెలుగులో పెట్టించారు. ఇప్పటి కంప్యూటర్లు తెలుగు పేర్లను ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంటాయి. అయితే అక్కడా ఒక జాగ్రత్త ఉంది. 'సర్టిఫికెట్' అని ఒకచోట, 'సర్టిఫికేట్' అని ఇంకోచోట రాస్తే వెతుకులాటలో ఒకటే దొరుకుతుంది, రెండోది మిగిలిపోతుంది. గ్రంథాలయాల్లో ఒక రచయిత పేరును ఎన్ని పుస్తకాల మీద ఎన్ని రకాలుగా అచ్చేసినా, జాబితాలో మాత్రం ఒకే రూపంలో రాస్తారట. అదే పద్ధతిలో మా ఇంటికి కావాల్సిన ముఖ్యమైన మాటల స్పెల్లింగులు ఒక చిన్న పట్టీగా రాసిచ్చారు. దానివల్ల ఇప్పుడు ఎవరు సేవ్ చేసినా పేరు ఒకే తీరుగా ఉంటోంది.

తేదీ విషయంలో అక్క చాలా పట్టుదలగా ఉన్నారు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, మధ్యలో అడ్డగీతలు: 2019-04-12. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న రూపం ఇదే, 1988 నుంచీ ఉంది. ఇలా రాస్తే పేర్ల వరసే కాలక్రమం అవుతుంది. రోజు ముందు రాస్తే అన్ని సంవత్సరాల 12వ తేదీలూ ఒకచోట చేరతాయి. తేదీలో ఏటవాలు గీత ఎలాగూ కుదరదు, విండోస్ ఫైలు పేర్లలో దాన్ని రానివ్వదు. ప్రశ్నార్థకం, కోలన్ లాంటివి కూడా అంతే. ప్రతులకు 'ఫైనల్', 'కొత్తది' అనే మాటలు వద్దని, 01, 02 అని అంకెలే వేయమని చెప్పారు.

కంప్యూటర్ చూపించే తేదీ ఉండగా పేరులో మళ్లీ ఎందుకని అడిగాను. దీనికి జవాబు నాన్నగారి వ్యాసాల దగ్గర దొరికింది. నేను ఎక్కువ రుణపడింది కూడా ఇక్కడే.

ఆ వ్యాసాలు చాలావరకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ వేరువేరు సంకేతాలిచ్చే ప్రమాణం) వాడుకలోకి రాకముందటి తెలుగు ఫాంటుతో టైపు చేయించినవి. పేజ్‌మేకర్‌లో చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0. అలాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చి పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. తెలుగులో ఒక మాట కొట్టి వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అది అసలు తెలుగే కాదు. ప్రతి వ్యాసాన్నీ మూడు రూపాల్లో ఉంచుదామన్నారు అక్క. అసలు ఫైలు, దాంతోపాటు ఆ ఫాంటు ఒకటి. చూడగానే నాన్నగారు కూర్చిన పేజీలా కనిపించే పీడీఎఫ్ ఒకటి. వెతకడానికి, మళ్లీ అచ్చుకు వాడుకోవడానికి యూనికోడ్‌లోకి మార్చిన పాఠం ఒకటి. మార్చేటప్పుడు ఒత్తులు, అరసున్నలు తారుమారయ్యాయి. వాటిని అక్క ఒక్కొక్కటిగా కూర్చుని దిద్దారు.

ఏది చివరి ప్రతి అన్న ప్రశ్నకు కంప్యూటర్ చూపిన తేదీల్ని ఆవిడ నమ్మలేదు. ఒక ఫైలును తెరిచి ఊరికే మళ్లీ సేవ్ చేసినా తేదీ మారిపోతుంది. ఇంకో డిస్క్‌లోకి కాపీ చేస్తే సృష్టించిన తేదీగా కాపీ చేసిన రోజు పడుతుంది. అందుకని ప్రతులన్నీ ప్రింటు తీయించి, నాన్నగారి చేతిరాతతో దిద్దుబాట్లున్న ప్రూఫుల పక్కన పెట్టుకుని, పేరా పేరా చదివారు. ఒక వ్యాసంలో అన్నిటికన్నా కొత్త తేదీ ఉన్న ప్రతిలో ఆ దిద్దుబాట్లు ఒక్కటీ లేవు. పాత తేదీ ఉన్న ఇంకో ప్రతిలో అన్నీ ఉన్నాయి. తేదీ చూసి మిగతావి తీసేసి ఉంటే నాన్నగారు చివరిగా మార్చిన ముగింపు పోయేది. ఆ పేజీ నా చేతికిచ్చి "ఇదీ మీ నాన్నగారు ఖాయం చేసినది" అన్నప్పుడు నాకు మాట రాలేదు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన కృతజ్ఞత ఇక్కడ చెబుతున్నాను, అక్కా.

ఒకేలాంటి ఫైళ్లు ఏరడం అబ్బాయి పని. పేరు ఒకటైనంత మాత్రాన లోపల ఉన్నది ఒకటి కాదు, పేర్లు వేరైనా లోపల ఒకటే కావచ్చు. ముందు సైజు సరిగ్గా సమానంగా ఉన్నవాటిని వేరుచేసి, వాటికి మాత్రం ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్క వేయించాడు. ఫైలు ఎంత పెద్దదైనా 64 అక్షరాల ఒక గుర్తు వస్తుంది. లోపల ఒక్క అక్షరం తేడా ఉన్నా గుర్తు పూర్తిగా మారిపోతుంది. రెండింటికీ అదే గుర్తు వస్తే అవి ఒకటే అని నమ్మవచ్చు. అలా తేలినవాటిని కూడా వెంటనే తీసేయలేదు. 'పరిశీలన' అని ఒక ఫోల్డర్‌లోకి తరలించి, నేను చూశాకే తీయించాడు. అడగకుండా ఒక్కటీ తీయని ఆ మర్యాద నాకెంతో నచ్చింది. ఫొటోల్లో ఇంకో విషయం చూపించాడు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, కెమెరా రాసిపెట్టిన తేదీ, చోటు వివరాలు పోతాయి. కంటికి రెండూ ఒకేలా ఉన్నా ఉంచాల్సింది కెమెరాలోని అసలు ఫొటోనే.

బ్యాకప్ గురించి క్లుప్తంగా రాస్తాను. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. మాది ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి తమ్ముడి ఇంట్లో ఇంకో డిస్క్‌లో. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అంటే, ఇక్కడ తీసేస్తే అక్కడా పోయేదాన్ని బ్యాకప్ అనుకోవద్దన్నాడు అబ్బాయి. కాపీ అయిందని వదిలేయకుండా, ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి కొన్ని ఫైళ్లు తెరిచి చూపించాడు కూడా.

చివరగా అన్ని ఫోల్డర్లకూ పైన 'ముందు ఇది చదవండి' అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టించారు. ఏ ఫోల్డర్‌లో ఏముందో, పేర్లు ఎలా పెట్టాలో, డిస్కులు ఎక్కడున్నాయో అందులో ఉంటుంది. దాన్ని తెరవడానికి ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొన్న తమ్ముడికి డిగ్రీ సర్టిఫికెట్ స్కాన్ కావాల్సి వస్తే నన్ను అడగకుండా తానే తీసుకున్నాడు. అమ్మ తన స్కానింగ్ రిపోర్టు తానే తెరిచి డాక్టరుగారికి చూపించింది.

పాత ఫొటోల పని ఇంకా ఉంది. సంవత్సరం, నెల వారీగా విడదీయడం వరకు అయింది. ఫొటోల్లో ఎవరెవరున్నారో అమ్మనడిగి పేర్లు రాసుకోమని అక్క చెప్పారు, ఆ పని సాగుతోంది. నాన్నగారి పుస్తకానికి వ్యాసాల వరస ఖాయమైంది. ప్రూఫులు రాగానే మొదటి కట్ట అక్కకే పంపుతాను, ఆవిడ చూడందే అచ్చుకు ఇవ్వను. అబ్బాయికి అమ్మ ప్రత్యేకంగా ఆశీస్సులు చెప్పమంది. ఇద్దరికీ మా అందరి నమస్కారాలు.