వార్షిక నివేదిక 2024–25: వీల్ నట్ల తనిఖీ శిబిరం, ఇతర పనులు

సభ్యులందరికీ నమస్కారం.

మన బైలా ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి. మైకులో చదువుతుంటే వెనక వరసల్లో కబుర్లు ఎక్కువవుతున్నాయి కాబట్టి ఈసారి ముందుగానే రాసి పంపుతున్నాను. టాక్సీలు, స్కూల్ వ్యాన్లు నడుపుకునేవాళ్లం సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. నేరుగా పనుల్లోకి వస్తాను.

మే నెలలో కంటి పరీక్షలు చేయించాం. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు వ్యాన్ల ఫిట్‌నెస్ కాగితాల పనిలో సభ్యులకు సాయం చేశాం. ఈ రెండూ ఏటా ఉండేవే. ఆ తర్వాత విజయవాడలో బుడమేరు వాగు వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మన సభ్యుల బండ్లు చాలావరకు సీట్ల దాకా నీళ్లలో ఉన్నాయి. కొన్ని రోజుల తరబడి అలాగే ఉన్నాయి. ఇంజిన్, వైరింగు, సీట్లు, ఇన్సూరెన్స్ క్లెయిముల గురించి అందరూ మాట్లాడారు. చక్రాన్ని పట్టి ఉంచే వీల్ నట్లను ఎవరూ పట్టించుకోలేదు. అది పట్టించుకున్నది మన సంఘం, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

నీళ్లు తీశాక ప్రతి బండికీ నాలుగు చక్రాలూ విప్పి, బ్రేకుల్లో పేరుకున్న బురద కడగాల్సి వచ్చింది. షెడ్ల ముందు బండ్లు బారులు తీరాయి. కుర్రాళ్లు నాలుగైదు బండ్ల చక్రాలు ఒకేసారి విప్పి, నట్లన్నీ డీజిల్ పోసిన ఒకే బకెట్‌లో పడేశారు. తుప్పు వదలడానికి డీజిల్ మంచిదే. కానీ తిరిగి బిగించేటప్పుడు ఏ నట్టు ఏ బండిదో ఎవరు చెప్తారు? చేతికి అందింది పెట్టి, గాలి ఒత్తిడితో బిగించే ఎయిర్ గన్ కొట్టారు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ రోజుల్లో నిద్రలేకుండా పనిచేశారు.

దాని ఫలితం సెప్టెంబరు ఆఖర్లో బయటపడింది. మన సభ్యుడొకరు ప్రయాణికులతో డిజైర్‌లో ఏలూరు వెళ్తుంటే గన్నవరం దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు, స్టీరింగు వణుకు. పక్కకు ఆపి చూస్తే నాలుగు నట్లలో ఒకటి లేదు. ఒకటి చేత్తో తిప్పితే తిరుగుతోంది. మూడోదాన్ని విప్పితే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) మీది థ్రెడ్లు, అంటే గాట్లు, కొబ్బరి పీచులా ఊడి నట్టుతోపాటు బయటికొచ్చాయి. నాలుగోది ఒక్కటే డిజైర్‌ది. చక్రం ఊడి పక్క లేన్‌లోకి దొర్లిపోకుండా ఆగిందంటే ఆ ఒక్క నట్టు పుణ్యమే. ప్రయాణికులకు ఇంకో బండి ఏర్పాటు చేసిన గన్నవరం సభ్యులకు ఇక్కడే ధన్యవాదాలు.

ఆ నట్లను ఆటోనగర్‌లో మన సభ్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు, ఎవరో మీకు తెలుసు. చూడగానే అవి హోండా నట్లన్నారు. రంధ్రం లావు 12 మిల్లీమీటర్లే, 19 పానాయే పడుతుంది, చూపుకు అచ్చం మారుతి నట్టులాగే ఉంటుంది. తేడా థ్రెడ్డు పిచ్‌లో ఉంది. మారుతి సుజుకి స్టడ్ 12 x 1.25, హోండాది 12 x 1.5. అంటే ఒక గాటుకూ ఇంకో గాటుకూ మధ్య దూరం పావు మిల్లీమీటరు తేడా. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు వెళ్లి పట్టేస్తుంది. అక్కడ ఆపాలి. ఎయిర్ గన్‌కు ఆ సంగతి తెలియదు, థ్రెడ్డును కోసుకుంటూ లోపలికి తోసేస్తుంది. పైకి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది.

అప్పుడు కార్యవర్గం కూర్చుని అనుకున్నదే అక్టోబరు 6 ఆదివారం నాటి శిబిరం. విజయదశమికి బండ్లు కడిగి, పూలదండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే లోపు ప్రతి బండి నట్లూ ఒకసారి విప్పి చూడాలన్నది మన ఉద్దేశం. సంఘం చరిత్రలో ఇంత ఉపయోగపడిన కార్యక్రమం ఇంకోటి లేదని నేను ధైర్యంగా అంటాను. కాదనేవాళ్లు సమావేశంలో లేచి చెప్పొచ్చు.

ఆ రోజు ఫిట్టర్ గారు చూపించింది రాకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. షాపుకెళ్లి "డిజైర్ నట్టు ఇవ్వండి" అంటే సరిపోదు. ఆ బండికి ఎవరు ఎప్పుడు స్టడ్ మార్చారో, రిమ్ము మార్చారో మనకు తెలియదు. కాబట్టి ముందు బండి మీద ఉన్న స్టడ్‌ను కొలవాలి. వెర్నియర్ కొలత పరికరంతో లావు చూడాలి, థ్రెడ్ గేజ్ (గాట్ల దూరం కొలిచే పళ్ల రేకులు) ఆకులు ఒక్కొక్కటి ఆనించి వెలుతురుకు పెట్టి సందు లేకుండా కూర్చునేది చూడాలి. గేజ్ లేకపోతే మామూలు స్కేలు చాలు. పది గాట్ల పొడవు 12.5 మిల్లీమీటర్లు వస్తే 1.25 పిచ్, 15 వస్తే 1.5. టయోటా, హ్యుందాయ్, హోండా కార్లు ఎక్కువగా 12 x 1.5 వాడతాయి. టయోటా, హ్యుందాయ్‌లకు సాధారణంగా 21 పానా పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకు స్టడ్, నట్టు ఉండవు, 14 x 1.5 బోల్టు నేరుగా హబ్బులోకి, అంటే చక్రం బిగించే మధ్య భాగంలోకి, వెళ్తుంది. ఆ బండ్లున్న ఇద్దరు సభ్యులు మనం కొన్న నట్ల డబ్బాకోసం అనవసరంగా గొడవపడ్డారు.

రెండోది, చాలామంది వదిలేసేది, సీటు. అంటే నట్టు రిమ్ముకు ఆనే చోటు. ఎక్కువ నట్లకు 60 డిగ్రీల కోన్ (శంకువు ఆకారం) ఉంటుంది. హోండావి గోళీలా గుండ్రంగా ఉంటాయి. కొన్ని అల్లాయ్ చక్రాల నట్లకు పొడుగు మెడ, కింద చదును వాషరు ఉంటాయి. గుండ్రటి సీటున్న రిమ్ములో కోన్ నట్టు పెడితే మొత్తం ఆనదు, సన్నటి గీత మీద ఆనుతుంది. ఎంత బిగించినా కొంత దూరం తిరిగాక వదులు కావచ్చు. ఫిట్టర్ గారు నట్టు సీటుకు నీలం మార్కర్ పూసి, బిగించి, విప్పి చూపించారు. సరైన నట్టుకు రంగు చుట్టూ వెడల్పుగా చెరిగింది. తప్పు నట్టుకు దారమంత గీత మాత్రమే పడింది. పదిమంది ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. అల్లాయ్‌లు వేయించుకున్నవాళ్లు ఆ పూటే లేచి ఎవరి బండి దగ్గరికి వాళ్లు పరిగెత్తారు.

మూడోది లోతు. నట్టు కనీసం స్టడ్ లావంత పొడవున పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు 1.5 పిచ్ అయితే ఎనిమిది చుట్లు, 1.25 అయితే దాదాపు పది. పానా పట్టకముందే చేత్తో సాఫీగా చాలా దూరం వెళ్లాలి. తల మూసిన నట్టయితే ఇంకో తిరకాసు ఉంది. స్టడ్ పొడుగైతే కొస వెళ్లి లోపలి కప్పుకు తగిలి ఆగుతుంది, రిమ్ము మాత్రం వదులుగానే ఉంటుంది. మెరిసే క్యాపు తొడిగిన నట్లు వరద నీటికి లోపల తుప్పు పట్టి ఉబ్బాయి, వాటికి వాటి పానాయే పట్టడం లేదు. సుత్తితో కొట్టి పెద్ద పానా ఎక్కించొద్దు, సెట్టు మొత్తం మార్చేయండి. ఒక స్టడ్ విరిగితే దాని పక్కవాటి మీదా అదనపు భారం పడి ఉంటుంది కాబట్టి అవీ మార్చడం మేలు. స్టడ్ మీద 10.9 అని గ్రేడు ఉందేమో చూడండి. చవకగా దొరికే లోకల్ నట్లు మెత్తగా ఉండి రెండు విప్పుళ్లకే మూలలు అరిగిపోతాయి.

బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు బిగించాలి, చివరి బిగువు చక్రం నేల మీద ఆనాకే ఇవ్వాలి. చిన్న కార్లలో ఎక్కువవాటికి ఈ బిగువు (టార్క్) 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి లెక్క దాని మాన్యువల్లోనే చూడండి. థ్రెడ్లకు నూనె, గ్రీజు పూయొద్దు. డీజిల్ బకెట్‌లోంచి తీసిన నట్టును తుడిచి ఆరబెట్టాకే వాడాలి. తడి నట్టును అదే టార్క్‌తో బిగిస్తే స్టడ్ సాగుతుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా పట్టాలి. ఈ చివరి పని చేసేవాళ్లు మనలో చాలా తక్కువ.

పాత లారీలున్న సభ్యులకు ఒక మాట. కొన్ని పాత బండ్లకు ఎడమ వైపు చక్రాలకు ఎడమ థ్రెడ్డు ఉంటుంది, స్టడ్ కొస మీద ఎల్ అక్షరం చూడండి. రాదు రాదని పైపు తగిలించి ఇద్దరు ఎక్కి తొక్కితే బిగుస్తుందే తప్ప ఊడదు.

శిబిరానికి ముఖ్య అతిథిగా ఒక అధికారిని పిలిచాం. తప్పకుండా వస్తానన్నారు. ఫ్లెక్సీ మీద ఫొటో కూడా వేయించాం. పదకొండు దాటే దాకా శాలువా పట్టుకుని కూర్చున్నాం, ఫోను ఎత్తలేదు. ఆ శాలువా చివరికి ఫిట్టర్ గారికే కప్పాం. నా దృష్టిలో అది చేరాల్సిన చోటికే చేరింది. ఇక మన వాలంటీర్లు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మలు వరసగా పడ్డాయి. తెల్లారి జాకీలు మోయడానికి వచ్చినవాళ్లు గుప్పెడు మంది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచేటప్పుడు మాత్రం సంఖ్య బాగా పెరిగింది. రోజంతా నేల మీద మోకాళ్లూని పనిచేసిన ఆ నలుగురైదుగురు ఏడాదికి చందా కట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు, కోశాధికారి గారు మాత్రం ఒప్పుకోలేదు.

ధన్యవాదాలు చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. టార్క్ రెంచి (బిగువు కొలిచి బిగించే పానా) కొనడానికి సగం డబ్బు ఇచ్చిన మన మాజీ అధ్యక్షులకు, స్థలమిచ్చిన కల్యాణ మండపం యజమానికి, నట్లు కొన్న ధరకే ఇచ్చి, సరిపోనివి మాట్లాడకుండా వాపసు తీసుకున్న ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపు వారికి, టీ పంపిన ఎదురు హోటల్ వారికి, పులిహోర చేసిచ్చిన మహిళా సభ్యులకు, మంచినీళ్ల క్యాన్లు వేసిన కుర్రాడికి, షామియానా అద్దె తగ్గించిన వారికి, వరద రోజుల్లో పడవల మీద వెళ్లి పాల ప్యాకెట్లు అందించిన సభ్యులందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మర్చిపోతే సమావేశంలో గుర్తు చేయండి, మినిట్స్‌లో రాయిస్తాను.

జమాఖర్చులు ఆడిటర్ గారి సంతకంతో విడిగా జతచేశాం. టార్క్ రెంచి, సాకెట్లు, నట్ల డబ్బా ఖర్చు పరికరాల పద్దులో ఉంది, ఫ్లెక్సీ ఖర్చు ఇతరత్రా పద్దులో ఉంది. చందా బకాయిలు నిరుటికంటే పెరిగాయి. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగండి.

జనవరిలో రహదారి భద్రత మాసం సందర్భంగా స్కూల్ వ్యాన్లకు ఇదే తనిఖీ మళ్లీ పెట్టాం. ఆ రోజు రెండు వ్యాన్లకు సీటు కలవని నట్లు బయటపడ్డాయి. అక్కడికక్కడే మార్పించాం. వచ్చే ఏడాది ప్రతి సభ్యుడి బండికీ స్టడ్ లావు, పిచ్, సీటు, పానా సైజు రాసిన చిన్న కార్డు డాష్‌బోర్డులో ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. కార్డులు అచ్చయ్యాయి. కొలతలు రాయించుకోవడానికి ఏ ఆదివారమైనా ఉదయం ఆఫీసుకు బండి తీసుకురండి.

ఇంకొక్కటి. సంఘం కిట్‌లోని థ్రెడ్ గేజ్ ఫిబ్రవరి నుంచి కనిపించడం లేదు. ఎవరి దగ్గర ఉంటే వాళ్లు సమావేశానికి తెచ్చి బల్ల మీద పెట్టండి. ఎవరు తీసుకెళ్లారని ఎవరూ అడగరు.

ఇట్లు,
కార్యదర్శి