సీసం అడిగితే సీసా తెమ్మన్నారు

సంపాదకులకు,

పదిహేను రోజుల కిందట జిల్లా పేజీలో నాగావళి నీటి గురించి వేసిన వార్తకు అప్పుడే రాద్దామనుకున్నాను. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. చల్లారలేదు.

అందులో ‘క్లోరిన్ కలుపుతున్నాం, భయం లేదు’ అని అధికారుల మాట. క్లోరిన్‌కి క్రిములు చస్తాయి, సరే. సీసం, కాడ్మియం లాంటి విషలోహాలు చస్తాయా? నీళ్లు కాచినా అవి పోవు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇది నా తొమ్మిదో తరగతి పిల్లలకే తెలుసు.

అంతకంటే పెద్ద ముప్పు బురదలో ఉంది. లోహాలు దిగిన బురదలో వాటిని తట్టుకున్న బ్యాక్టీరియానే మిగులుతుంది. లోపలికొచ్చిన లోహాన్ని బయటికి తోడిపోసే ఏర్పాటు దానికుంటుంది. ఆ జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఉంటాయి. యాంటీబయాటిక్‌ని ఎదిరించే జన్యువులూ ఒక్కోసారి దాని మీదే ఉంటాయి. ఆ ఉంగరాన్ని పక్కనున్న బ్యాక్టీరియాకి చేబదులిచ్చినట్టు ఇచ్చేస్తుంది. అంటే ఏట్లో మందుబిళ్ల పడక్కర్లేదు, మందుకు లొంగని క్రిములు పెరగడానికి లోహం చాలు.

పాత వంతెన దిగువకు పొద్దున్నే వెళ్లి చూడండి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం పలకలు తీసుకుని, ఆసిడ్ కాలవలో వంపేస్తారు. కాలవ ఏట్లోకి. నాలుగడుగులు అవతల ఆడవాళ్లు ఇసకలో చెలమ తీసి, చిప్పతో బిందె నింపుకుంటుంటారు. ఏట్లో నిమజ్జనం చేసే వినాయకుడి బొమ్మలకు విషపు రంగులు వాడొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో. కలహండిలో పుట్టి రాయగడ మీదుగా వచ్చే ఏరు కదా, పైనుంచి ఏమొస్తోందని అడిగితే ఒడిశా వాళ్లని అడగమంటారు. ఉద్దానంలో కిడ్నీలెందుకు పోతున్నాయో ఇన్నేళ్లయినా తేలని జిల్లాలో నీళ్లంటే ఇంత తేలికా! ఒడ్డున రంగు లైట్లకు, సెల్ఫీ బోర్డులకు మాత్రం డబ్బులుంటాయి.

తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నియమం. అంకె ఉంది, కొలిచేవాడేడీ? సీసం పరీక్ష ఎక్కడ చేస్తారని ఓ ఆఫీసుకి వెళ్లి అడిగాను. ‘సీసా మీరే తెచ్చుకోవాలి మేస్టారూ’ అన్నాడు కుర్రాడు. సీసా కాదు బాబూ, సీసం అన్నాను. మేడ మీదకి పంపాడు. అక్కడ సమీక్షా సమావేశం. మర్నాడు నీళ్లు పట్టిన సీసాతోనే వెళ్లాను. ఆ రోజూ సమీక్షే.

ఊటబావుల నీళ్లలో, కాలవలు కలిసేచోట బురదలో లోహాలు కొలిపించి, వచ్చిన అంకెలు మున్సిపల్ ఆఫీసు గోడకి అంటించండి. మెచ్చుకుంటూ ఇంకో ఉత్తరం రాస్తాను.

నా సీసా ఇంకా మా అరుగు మీదే ఉంది. నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేయకుండా అట్టేపెడితే లోహం సీసా గోడకే అంటుకుపోతుంది. ఇప్పుడు పట్టుకెళ్తే పరీక్షలో తక్కువే చూపిస్తుంది. వాళ్లకి కావలసిందీ అదేనేమో.

– ఓ రిటైర్డ్ సైన్సు మేస్టారు, శ్రీకాకుళం