ఆ రాత్రి మా నాన్నగారి మాటలు రాసుకున్న నర్సుగారికి

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసిన మా నాన్నగారు, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్ల నిర్వహణను ఎందరో కుర్రవాళ్లకు దగ్గరుండి నేర్పించారు. వరదల రోజుల్లో తప్ప, అమ్మ పక్కన లేకుండా ఆయన రాత్రి భోజనం చేసి ఎరుగరు. గత నెల విజయవాడలోని ఆసుపత్రిలో, తన చివరి రాత్రి, జ్వర తీవ్రతలో మమ్మల్ని గుర్తుపట్టలేక, ఎదురుగా ఎవరో కొత్త ఉద్యోగి నిలబడి ఉన్నట్టు పని వివరిస్తూ, "రాసుకుంటున్నావా?" అని పదే పదే అడగసాగారు. ఆయనను పడుకోబెట్టాలని మేము తంటాలు పడుతుంటే, డ్యూటీలో ఉన్న నర్సుగారు స్టూలు దగ్గరకు లాక్కుని, ఒక పాత చీటీ వెనక్కి తిప్పి, "చెప్పండి సార్, రాస్తున్నాను" అన్నారు. గ్రీజు ఎప్పుడు పెట్టాలో, ఇనుప తాడును గుడ్డతో తుడుస్తూ తెగిన పోగును ఎలా కనిపెట్టాలో ఆయన చెప్పినదంతా నీలం సిరాతో నిజంగానే రాశారు. ఒకచోట అర్థం కాలేదని ఆమె మళ్లీ అడిగినప్పుడు నాన్నగారి ముఖం ఎంతగా వెలిగిపోయిందో నేను కళ్లారా చూశాను. తెల్లవారుజామున ఆయన వెళ్లిపోయారు. షిఫ్టు దిగిపోతూ ఆమె ఆ కాగితాన్ని మడిచి అమ్మ చేతిలో పెట్టారు.

ఆ దుఃఖంలో మీ పేరైనా అడగలేదమ్మా, క్షమించండి. ఆ కాగితం ఇప్పుడు పూజగదిలో, నాన్నగారి కళ్లజోడు పక్కనే ఉంది. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.