డాస్ ఆటల పీసీకి సామాన్లు: శీనుకి ఉత్తరం

ఒరే శీనూ,

పాత ఆటలకి (డాస్ అంటే విండోస్‌కి ముందు నాటి సిస్టమ్) పీసీ కట్టడానికి నువ్వు పంపిన లిస్టు చూశాను. పెంటియమ్ 4 ప్రాసెసర్, 845 చిప్‌సెట్ (బోర్డుని నడిపే ముఖ్యమైన చిప్‌లు) ఉన్న మదర్‌బోర్డు, దాని మీద ఏజీపీ స్లాటులో (గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించిన స్లాటు) పెట్టే వూడూ 3 గ్రాఫిక్స్ కార్డు. బోర్డూ, కార్డూ విడివిడిగా మంచి సరుకే, కానీ ఒకదానికొకటి పడవు. కార్డుకి అడ్వాన్సు ఇచ్చేలోపు ఇది చదువు.

వూడూ 3 అనేది 3.3 వోల్టుల కార్డు. 845 బోర్డులో స్లాటు 1.5 వోల్టులది. స్లాటు లోపల చిన్న అడ్డు ఉంటుంది చూడు, అది మానిటర్ కేబుల్ తగిలించే వైపుకి దగ్గరగా ఉంటే 3.3, దూరంగా ఉంటే 1.5. అందుకే వూడూ 3 అందులో దిగదు, బలవంతంగా నొక్కకు. అయితే అసలు ప్రమాదం దానితో కాదు. అప్పటి కార్డులు కొన్నిటికి ఆ అడ్డు ఎక్కడున్నా సరిపడేలా రెండు గాట్లూ ఉంటాయి, లోపల మాత్రం 3.3 వోల్టులే వాడతాయి. అవి హాయిగా కూర్చుంటాయి, స్విచ్ వేయగానే 845 చిప్‌సెట్ కాలిపోతుంది.

ఇక ఆటల సంగతి. డేవ్, ప్రిన్స్, క్వేక్, రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఇ, వైస్ సిటీ అని రాశావు. మొదటి అయిదూ ఒక పాత మెషీన్‌లో సుఖంగా నడుస్తాయి. వైస్ సిటీ వేరే తరం ఆట, పీసీలోకి 2003లో వచ్చింది, కనీసం 800 మెగాహెర్ట్జ్ అడుగుతుంది. దానికి రెండో మెషీన్‌గా నీ 845 బోర్డే ఉంచుకో, ఒక జీఫోర్స్ 4 టీఐ 4200 గ్రాఫిక్స్ కార్డు దొరికితే పెట్టు. కొనేముందు బోర్డు పేరు చివర చూడు: 845 జీవీ, 845 జీఎల్ అయితే ఏజీపీ స్లాటే ఉండదు.

పాత ఆటల మెషీన్‌కి అందరూ ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. నా లెక్క తలకిందులు: ముందు సౌండు కార్డు, అది చెప్పిన బోర్డు, ఆ బోర్డు ఒప్పుకున్న గ్రాఫిక్స్ కార్డు, ఆఖర్న ప్రాసెసర్. డాస్ ఆట విండోస్ డ్రైవర్‌ని అడగదు, నేరుగా సౌండు బ్లాస్టర్ (క్రియేటివ్ కంపెనీ సౌండు కార్డు) పోర్టుతోనే మాట్లాడుతుంది. తర్వాత వచ్చిన పీసీఐ స్లాటు కార్డుల్లో చాలావాటికి ఆ పోర్టు సాఫ్ట్‌వేర్‌లో నటనే, కొన్ని ఆటల్లో పలుకుతాయి, కొన్నిట్లో మెషీన్‌ని బిగిసిపోయేలా చేస్తాయి. కాబట్టి ఐఎస్‌ఏ అనే పాతకాలం స్లాటు, అదే ఆ పొడవాటి నల్లది, కనీసం ఒకటి ఉండి తీరాలి. 845లో అది ఉండదు, 810, 815 బోర్డుల్లో చాలావాటిలోనూ ఉండదు.

కార్డు విషయంలో, క్రియేటివ్ పేరు చూసి డబ్బు గుమ్మరించకు. ఏడబ్ల్యూఈ 64లోనూ చివరి సౌండు బ్లాస్టర్ 16 కార్డుల్లోనూ ఎఫ్‌ఎమ్ సంగీతానికి (రేడియో కాదు, చిప్ అప్పటికప్పుడు పుట్టించే సంగీతం) అసలు యమహా చిప్ ఉండదు, సీక్యూఎమ్ అనే అనుకరణ ఉంటుంది, రేకు డబ్బా మోగినట్టుంటుంది. నీకు కావలసింది యమహా వైఎమ్‌ఎఫ్ 719 చిప్ ఉన్న మామూలు కార్డు. నిజమైన ఓపీఎల్ 3, అంటే యమహా ఎఫ్‌ఎమ్ సంగీతం చిప్, అందులోనే ఉంటుంది, సౌండు బ్లాస్టర్ ప్రో లాగా పనిచేస్తుంది. అది దొరక్కపోతే ఈఎస్‌ఎస్ 1868 కూడా మంచిదే. డాస్‌లో కార్డుని లేపడానికి యూనిసౌండ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. పోర్టు 220, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను) 5, డీఎమ్‌ఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా నడిచే దారి) 1, టైపు 4 అని ఆటోఎగ్జెక్ ఫైలులోని బ్లాస్టర్ లైనులో రాసుకో. తర్వాత బయోస్‌లోకి (మెషీన్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఐఆర్‌క్యూ 5నీ, డీఎమ్‌ఏ 1నీ లెగసీ ఐఎస్‌ఏకి కేటాయించు. ఇది మర్చిపోతే గ్రాఫిక్స్ కార్డో యూఎస్‌బీయో ఆ ఐఆర్‌క్యూని లాగేసుకుంటుంది, ఆటలో సంగీతం వస్తుంది గానీ మాటలూ తుపాకి శబ్దాలూ ఒక ముక్క పలికి ఆగిపోతాయి.

డేవ్‌కి మాత్రం ఈ తంటాలేవీ లేవు, ఆ శబ్దాలు పీసీ స్పీకర్‌వి. కొత్త క్యాబినెట్‌లలో ఆ స్పీకర్ రావట్లేదు. బోర్డు మీద నాలుగు పిన్నుల స్పీకర్ హెడర్‌కి చిన్నది ఒకటి తగిలించు. బోర్డు లేవకపోతే బీప్ లెక్కపెట్టడానికీ అదే పనికొస్తుంది.

బోర్డుకి నా ఓటు ఇంటెల్ 440 బీఎక్స్, 1998 నాటిది. విండోస్ 98 ఎస్‌ఇతో గొడవ పెట్టుకోదు, ఏజీపీ 3.3 వోల్టులది కాబట్టి నీ వూడూ 3 చక్కగా కూర్చుంటుంది. వీఐఏ కంపెనీ చిప్‌సెట్ బోర్డు చవగ్గా వస్తే వద్దనను, కానీ సౌత్‌బ్రిడ్జ్ (డిస్కుల్లాంటివాటిని చూసుకునే చిప్) మీద 686బి అని ఉంటే దాని పక్కన సౌండు బ్లాస్టర్ లైవ్ పెట్టకు, ఆ జోడీ హార్డ్ డిస్కులో డేటా పాడుచేసిన చరిత్ర ఉంది. వీఐఏ అయితే ఫోర్ ఇన్ వన్ అనే ఆ చిప్‌సెట్ డ్రైవర్లు ముందు ఎక్కించాలి.

బీఎక్స్‌కి ర్యామ్ ఏరడంలో ఒక తిరకాసు. 256 ఎమ్‌బీ స్టిక్ మీద చిప్‌లు లెక్కపెట్టు. రెండు పక్కలా కలిపి 16 ఉంటే మొత్తం కనిపిస్తుంది, 8 ఉంటే 128 మాత్రమే కనిపిస్తుంది. స్టిక్ పాడైంది అనుకుని దుకాణంవాడితో గొడవపడేది ఇక్కడే. ఒక్క 256 స్టిక్ చాలు. 512 ఎమ్‌బీ దాటితే విండోస్ 98 డిస్కు కాషే (డిస్కు డేటాని మెమరీలో దాచుకునే చోటు) దగ్గర తికమకపడి మెమరీ చాలదంటుంది.

ప్రాసెసర్ పెంటియమ్ 3, 100 మెగాహెర్ట్జ్ బస్సుది (ప్రాసెసర్ బోర్డుతో మాట్లాడే దారి). 600ఇ అయితే బాగుంటుంది. 600 పక్కన ఇబి అని ఉంటే వదిలెయ్, దానికి 133 బస్సు కావాలి, బీఎక్స్‌లో అప్పుడు ఏజీపీ 66 బదులు 89 మెగాహెర్ట్జ్‌తో పరుగెడుతుంది. 600ఇ కాపర్‌మైన్ రకం, 1.65 వోల్టులు అడుగుతుంది. తొలి బీఎక్స్ బోర్డుల్లో కొన్ని 1.8 కంటే దిగవు. అలాంటిది తగిలితే 2.0 వోల్టుల కాట్మయ్ రకం (అంతకుముందటి పెంటియమ్ 3) 500 పెట్టుకో, నీ ఆటలకి తేడా తెలియదు. ఇంత వేగం మరీ పాత ఆటలకి ఎక్కువ: 1990 నాటి వింగ్ కమాండర్ లాంటివి పిచ్చి పరుగు పెడతాయి, టర్బో పాస్కల్‌లో రాసినవి రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చచ్చిపోతాయి. బయోస్‌లో ఇంటర్నల్ కాషే (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఆపేస్తే మెషీన్ పాత 386 ప్రాసెసర్ స్థాయికి పడిపోతుంది, ఆ ఆట అయ్యాక మళ్లీ పెట్టుకో.

హార్డ్ డిస్కు పాతది కొనకు. కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు, దాన్ని ఐడీఈ (పాత హార్డ్ డిస్కుల కేబుల్)కి తగిలించే అడాప్టర్ పెట్టు. 16 జీబీ సరిపోతుంది. ఆ కాలం బయోస్‌లు కొన్ని 32 జీబీ దాటితే డిస్కు వెతికే దగ్గరే ఆగిపోతాయి. చవక అడాప్టర్‌లలో డీఎమ్‌ఏ తీగలు కలిపి ఉండవు, డివైస్ మేనేజర్‌లో డీఎమ్‌ఏ టిక్ పెట్టాక విండోస్ లేవకపోతే కారణం అదే.

సీడీ డ్రైవ్ నుంచి సౌండు కార్డుకి సన్నటి నాలుగు పిన్నుల ఆడియో తీగ తప్పకుండా తగిలించు. క్వేక్ సంగీతం సీడీ ట్రాకులుగా ఉంటుంది, డాస్‌లో ఆ తీగ లేకుండా వినపడదు.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మాత్రం కొత్తదే కొను, 20+4 కనెక్టర్ ఉన్నది. విడిగా వచ్చే నాలుగు పిన్నులు పక్కకి వదిలెయ్. ఏఎమ్‌డీ వాళ్ల అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్ అయితే చాలా బోర్డులు ప్రాసెసర్ కరెంటంతా 5 వోల్టుల లైను నుంచే లాగుతాయి, కొత్తవాటిలో అది బక్కచిక్కి ఉంటుంది. పెంటియమ్ 3కి ఆ బాధ లేదు. మైనస్ 5 వోల్టులు లేదని కంగారుపడకు, ఈ తరం సౌండు కార్డుల్లో దాదాపు దేనికీ అక్కర్లేదు.

మానిటర్ పిక్చర్ ట్యూబుదైతే స్వర్గం, కానీ దాన్ని విప్పకు, ప్లగ్ తీశాక కూడా లోపల హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది. లేదంటే 15 అంగుళాల 1024×768 ఎల్‌సీడీ. 17 అంగుళాల 1280×1024 తెర 5:4, బొమ్మలు సాగుతాయి.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ దుకాణాల కాంప్లెక్స్) వెళ్లినా, పాత సామాన్లవాడి దగ్గరికి వెళ్లినా బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు మొదట చూడు. పైన నెత్తి ఉబ్బినా, అడుగున గోధుమరంగు జిగురు కారినా వాటిని మార్చే ఖర్చు బేరంలో కలుపు. అదే మైక్రోఫారడ్, అదే లేదా కాస్త ఎక్కువ వోల్టు, 105 డిగ్రీల లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. మామూలు కెపాసిటర్ వేస్తే కొన్నాళ్లకే మళ్లీ ఉబ్బుతుంది.

విండోస్ ఎక్కించేటప్పుడు సీడీలోని విన్98 ఫోల్డర్ మొత్తం సి డ్రైవ్‌లోకి కాపీ చేసి, సెటప్ అక్కడి నుంచే నడుపు. లేకపోతే ప్రతి డ్రైవర్‌కీ సీడీ పెట్టమని ప్రాణం తీస్తుంది. తర్వాత డైరెక్ట్‌ఎక్స్, ఆపైన వూడూ డ్రైవర్, చివర సౌండు. ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చెయ్, ఏది తేడా కొట్టిందో తెలుస్తుంది.

బోర్డు దొరికాక కొనకముందే ఫోటో పంపు. ఏజీపీ స్లాటులో అడ్డు ఎక్కడుందో, సౌత్‌బ్రిడ్జ్ మీద అక్షరాలేంటో కనపడేలా తియ్యి.

నీ
సుబ్బు